పలకల పురికి అక్షర మెన్నడు?

2025 జూలై మాసమున న్యూయార్కు నగరమందు ఐక్యరాజ్యసమితి వేదికపై భారత ప్రభుత్వము తన ప్రగతి వృత్తాంతమును వినిపించినది. 2017లో నొకమారు, 2020లో నొకమారు వినిపించినదే. ఇది మూడవ మారు. 2015 సెప్టెంబరులో ప్రపంచ రాజ్యములు పదునేడు లక్ష్యములను ఏర్పరచుకొని 2030ని వానికి గడువుగా పెట్టుకొన్న సంగతి పాఠకులెరుగుదురు. వానిలో నాల్గవది విద్య. బాలబాలికలెల్లరును ఉచితముగా ప్రాథమిక మాధ్యమిక విద్యను ముగింపవలెను. యువజనులెల్లరును, వయోజనులలో అధిక సంఖ్యాకులును చదువను, వ్రాయను, లెక్కింపను నేర్వవలెను. అర్హులగు ఉపాధ్యాయులు చాలినంతమంది ఉండవలెను. ఇది దాని సారము. గడువునకు ఐదేండ్లయినను మిగిలిలేవు. కావున నడచిన దూరమును కొలుచుటకును, మిగిలిన కాలమున ముందేది వెనుకేది యని తేల్చుకొనుటకును ఇది తగిన సమయము. అయితే న్యూయార్కులో చూపిన కొలబద్దను మేము పట్టుకొనము. మార్కాపురములో దొరకు కొలబద్ద యొకటి యున్నది. దానితోనే కొలిచి చూతము.

ఆ కొలబద్ద పలక. మార్కాపురము చుట్టునుగల నేల పొరలుపొరలుగా చీలు నల్లరాతి నేల. ఆ రాతిని త్రవ్వి, పొరలు విడదీసి, నునుపు చేసి, కొయ్యచట్రము బిగించి దేశము నలుమూలలకు పంపిన యూరిది. తెలుగునాట ఓనమాలు దిద్దిన తరములలో ఎందరి చేతి పలకయో ఈ గనులలో పుట్టినది. తరువాత కాగితపు పుస్తకమును ప్లాస్టికు పలకయు వచ్చి ఆ వ్యాపారమును క్రుంగదీసినవి. అదే రాయి ఇండ్ల నేలలకును గోడలకును బిళ్ళలై సముద్రములు దాటిపోవుచున్నది. సరే, కాలధర్మము. కాని ఆ పలకలను చేసిన చేతులెవ్వరివి? 1988లో కేంద్రప్రభుత్వము బాలకార్మికుల విమోచనకై జాతీయ పథకము నారంభించినపుడు మొట్టమొదట ఎన్నుకొన్న కొలది తావులలో మార్కాపురపు పలకల పరిశ్రమ యొకటి. 1996 డిసెంబరు 10వ తేదీని సుప్రీంకోర్టు ఎం. సి. మెహతా దావాలో తీర్పు చెప్పుచు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, సూరతు వజ్రపుసాన, మొరాదాబాదు ఇత్తడిపని మున్నగు వానితోపాటు మార్కాపురపు పలకలను ఆ జాబితాలో చేర్చినది. పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు చెల్లింపవలెననియు, ఆ కుటుంబమున పెద్దవారి కొకరికి ప్రభుత్వము పని చూపవలెననియు, చూపలేనిచో తన వంతుగా 5,000 రూపాయలు చేర్చవలెననియు శాసించినది. దేశమున కక్షరములు దిద్దించిన పలక బడి మానిన బిడ్డల చేతులలో తయారైనది! దీపము క్రింద చీకటి యను సామెత కింతకన్న వ్యాఖ్యానము మాకు దొరకదు. ఊరి పేరు సుప్రీంకోర్టు తీర్పున కెక్కుట గొప్పయే కావచ్చును. ఎక్కిన కారణము మాత్రము తలవంపు.

ఇక గడువుల మాట. విద్యావిషయమున మన దేశమునకు గడువులు క్రొత్తవి కావు. 1911 మార్చిలో గోపాలకృష్ణ గోఖలే శాసనసభలో నిర్బంధ ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టెను. 1912 మార్చిలో 38 మంది కాదని, 13 మంది ఔనని అది వీగిపోయినది. ధనము లేదనిరి, ప్రజలు సిద్ధముగా లేరనిరి. విదేశీ ప్రభుత్వము గదా, అట్లే యనునని మనవారు సమాధానపడిరి. స్వతంత్రము వచ్చినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 45వ అధికరణమున, పదేండ్లలోపల పదునాలుగేండ్లు నిండువరకు బాలబాలికలెల్లరకు ఉచిత నిర్బంధ విద్య కల్పించుటకు ప్రయత్నింపవలెనని యాదేశించినది. అనగా 1960. ఆ సంవత్సరము వచ్చినది, పోయినది. 1986 నాటి విద్యావిధానము 1995 అన్నది. 1992లో దానిని సవరించి ఇరువదియొకటవ శతాబ్ది ప్రవేశించులోపల అన్నారు. సర్వశిక్షా అభియాన్ 2010 అన్నది. ఐక్యరాజ్యసమితివారి సహస్రాబ్ది లక్ష్యము 2015 అన్నది. ఇప్పుడు 2030. ఈ మధ్యలో 2021 జూలైలో 'నిపుణ్ భారత్' పేర మరియొక చిన్న గడువు బయలుదేరినది: 2026-27 నాటికి మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డయు చదువను లెక్కింపను నేర్చి యుండవలెనట. బాలకార్మికత్వము నెల్ల విధములను నిర్మూలింతుమని అదే ప్రపంచలక్ష్యముల పట్టికలో పెట్టుకొన్న గడువు 2025, అది దాటిపోయినది. 2024లో ప్రపంచమున 13 కోట్ల 80 లక్షలమంది బిడ్డలు పనిలోనే యున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థయు, యునిసెఫును కలిసి ప్రకటించినవి.

అప్పులవాడు పత్రము తిరుగవ్రాసినట్లు మన పాలకులు గడువును తిరుగవ్రాయుచున్నారు. సాహుకారయినచో వడ్డీ యడుగును. అక్షరము బాకీపడిన వానికి వడ్డీ యెవరిత్తురు? 1960 గడువునాడు ఆరేండ్ల ప్రాయమున నున్న మార్కాపురపు బాలిక నేడు డెబ్బదేండ్లు దాటిన ముసలమ్మ.

ఏమియు జరుగలేదని మేమనము. అట్లనుట అసత్యము, అన్యాయము. 1993లో ఉన్నికృష్ణన్ దావాలో సుప్రీంకోర్టు పదునాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. ఆ దావాలో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే యని గుర్తుంచుకొనుట మంచిది. 2002లో రాజ్యాంగమును సవరించిరి. 2009లో చట్టము చేసిరి. 2010 ఏప్రిల్ 1 నుండి అది నడచుచున్నది. ఆరేండ్ల బిడ్డలలో బడిలో పేరులేని వారు నేడు మిక్కిలి కొలదిమంది. ఆడుబిడ్డలు బడికి వచ్చుచున్నారు. మధ్యాహ్నమున పొయ్యి వెలుగుచున్నది, బిడ్డ కింత యన్నము గ్రుడ్డు దొరకుచున్నవి. కస్తూర్బా విద్యాలయములు మెట్టప్రాంతపు బాలికల నెందరినో బాల్యవివాహమునుండి తప్పించినవి. 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే ప్రారంభమైన 'నాడు-నేడు' క్రింద బడులకు ప్రహరీలు, మరుగుదొడ్లు, బల్లలు వచ్చినవి. ఏ పార్టీవారు చేసినను మంచి మంచియే.

అయితే బడిలో పేరుండుట వేరు, చదువు వచ్చుట వేరు. ప్రథమ్ సంస్థవారు గ్రామముల దిరిగి యింటింట బిడ్డలచేత చదివించి చూచి ప్రకటించు 'అసర్' నివేదిక ననుసరించి, 2018లో మూడవ తరగతి బిడ్డలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు దేశమున నూటికి 27 మంది. 2022లో, కరోనా తరువాత, 20 మంది. 2024లో మరల 27 మంది. ఆరేండ్లు నడచి బయలుదేరిన చోటికే వచ్చి చేరినారము. ఐదవ తరగతిలో సయితము రెండవ తరగతి పాఠము చదువగలవారు 2024లో నూటికి 49 మందే. తక్కిన సగము హాజరుపట్టీలో 'ఉన్నాను' అను బిడ్డలు. పుస్తకము ముందర లేరు. ప్రభుత్వ నివేదికలు చేరికలను లెక్కించును, గదులను లెక్కించును, మరుగుదొడ్లను లెక్కించును. ఎన్ని పలకలు పంచితిమో చెప్పును. ఎన్ని పలకలపై బిడ్డ తనంతట తాను ఒక వాక్యము వ్రాసెనో చెప్పదు.

ఎందుచేత నిట్లున్నది? కారణములు పెక్కు గలవు; ఒక్కటి మాత్రము ప్రతి గ్రామస్థుడు వ్రేలుపెట్టి చూపగలడు. 2009 నాటి చట్టపు షెడ్యూలులో స్పష్టముగా నున్నది: అరువదిమంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయు లుండవలెను. కేంద్ర విద్యాశాఖవారి 2024-25 లెక్కల ప్రకారము దేశమున ఒకే ఉపాధ్యాయుడు గల బడులు లక్షకు పైగా నున్నవి. ఆ లక్షలో అన్ని రాష్ట్రములకన్న మిన్నగా వాటా గలిగిన రాష్ట్ర మేది? ఆంధ్రప్రదేశ్! 12,000కు పైగా. ఐదు తరగతులు, ఒక్క పంతులు. ఒక తరగతికి పాఠము చెప్పునపుడు నాలుగు తరగతులు గోడ చూచుచుండును. ఆ పంతులును అన్ని దినములు బడిలో నుండునా? ఓటర్ల జాబితా వచ్చును, మండల కార్యాలయమున సమావేశము వచ్చును, సెల్‌ఫోనులో పంపవలసిన పటములు, పట్టికలు వచ్చును. ఆ దినమున బడికి తాళము. 2025లో మెగా డీఎస్సీ పేర 16,347 ఉద్యోగములకు ప్రకటన వెలువడి నియామకములు జరిగినవి. సంతోషము. కాని క్రొత్త ఉపాధ్యాయుడు యర్రగొండపాలెమునకో వెలిగండ్లకో పోవుటకు పెట్టె సర్దుకొనునపుడే బదిలీ దరఖాస్తును గూడ మడచి పెట్టుకొనుట మన పశ్చిమ ప్రకాశమునకు పాత యనుభవము. నివసింప ఇల్లు లేదు, త్రాగ మంచినీరు లేదు, తన బిడ్డకు బడి లేదు; ఆయనను తిట్టి ప్రయోజన మేమి? ఆయన అక్కడ నుండునట్లు చేయని ప్రభుత్వమును తిట్టవలెను.

ఇక్కడ 'సగటు' అను మాయను గూర్చి చెప్పక తప్పదు. 2011 జనగణనలో ప్రకాశము జిల్లాలో అక్షరాస్యులు నూటికి 63 మంది, స్త్రీలలో 53. ఒంగోలు, చీరాలవంటి పట్టణములను గూడ కలుపుకొని తేలిన సంఖ్య యిది. కొండదిక్కు పల్లెల దీనస్థితిని కోస్తాదిక్కు పట్టణములు తమ పైకండువాతో కప్పినవి. 2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి 2027కు నిర్ణయింపబడినది. అనగా పదునైదేండ్లుగా ఏ పల్లెలో ఎవరికి చదువు వచ్చునో చెప్పు సమగ్రమైన లెక్క లేకయే ప్రభుత్వములు ప్రపంచమునకు నివేదికలు సమర్పించుచున్నవి. కుటుంబముల నమూనా తీసి 2023-24లో కేంద్రము జరిపిన శ్రామిక సర్వేలో ఏడేండ్లు పైబడిన వారి అక్షరాస్యత దేశమున నూటికి 81 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 72.6 మాత్రమే. రాష్ట్రములన్నిటను అట్టడుగున. బీహారు మనకన్న మీద. ఈ వార్తను విని ఆంధ్రదేశమున ఒక్క సభ జరిగినదా? ఒక్క మంత్రి యైనను సంజాయిషీ యిచ్చుకొనెనా? సినిమా టిక్కెట్టు ధర పెరిగినచో శాసనసభ దద్దరిల్లును.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాకు తోక. కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాకు తోక. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడగా రెండు తోకలును కలిసి క్రొత్త జిల్లాకు ఒకే తోక యైనవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. పంతులుగారు బాల్యముననే తండ్రిని గోల్పోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి కుమారుని చదివించిన కథ ఆంధ్రు లందరు ఎరిగినదే. ఆ తల్లి చేసినపాటి పని ఆమె కుమారుని పేరు ధరించిన జిల్లా పశ్చిమ మండలములకు చేయలేకపోయినది. 2025లో ప్రభుత్వము మార్కాపురము కేంద్రముగా ప్రత్యేక జిల్లాను ప్రకటించినది. చిరకాలపు కోరిక. కాని కలెక్టరు కచ్చేరీ దగ్గరైనంత మాత్రమున బడి దగ్గర కాదు. క్రొత్త జిల్లాకు ఒక మేలు మాత్రము కలదు: ఇక మన లెక్క కోస్తా సగటులో దాగదు.

మా ప్రాంతపు బిడ్డకు చదువేల రాదో నీతి ఆయోగువారి పట్టికలో కనబడదు. జనవరి మాసమున మార్కాపురము రోడ్డు స్టేషనులోనో దోర్నాల కూడలిలోనో నిలిచి చూచిన కనబడును. వర్షములు లేవు. నల్లమల ఆవలనుండి కృష్ణాజలములను సొరంగములగుండా తెచ్చెదమని వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేసిరి, 2004లో మరల పని ఆరంభించిరి, 2024 మార్చిలో జాతికి అంకితమనిరి. పొలమునకు నీరు మాత్రము రాలేదు. బోరు త్రవ్వినచో ఫ్లోరైడు. కావున పంటకాలము ముగియగానే సంసారములు మూటలు గట్టుకొని గుంటూరు, పల్నాడు సీమల మిరపకోతలకు ముఠాలుగా కదలును. మరికొందరు హైదరాబాదు, బెంగుళూరు నగరములకు బేల్దారి పనులకు పోవుదురు. బిడ్డ యెవరియొద్ద నుండును? తల్లితో పోవును. అక్కడ పసిపాపను చూచుకొనును, కొంత పెరిగినచో తానును కాయ కోయును. మూడు నాలుగు మాసములు గడచి వచ్చునప్పటికి ఏడాది చదువు ముగిసినది. హాజరుపట్టీలో పేరు చెక్కుచెదరకుండును, పైతరగతికి పోవును. దీనినే మన నివేదికలు 'నిలుపుదల' యనుచున్నవి! వలస బిడ్డలకై కాలానుగుణ హాస్టళ్ళను తెరచు పద్ధతి సర్వశిక్షా అభియాన్ కాలమునుండియు కలదు. కాని జనవరిలో కదలు సంసారమునకు ఫిబ్రవరిలో మంజూరగు హాస్టలు ఎందులకు?

పెద్దదోర్నాల, యర్రగొండపాలెము అడవులలోని చెంచుగూడెముల సంగతి వేరుగా వ్రాయవలసినది. వారిని అత్యంత బలహీన ఆదిమజాతులలో ప్రభుత్వమే చేర్చినది. పులుల అభయారణ్యమునకు హద్దులు గీయుటలో చూపిన శ్రద్ధలో పదవవంతు గూడెపు బడికి పంతులును నిలుపుటలో చూపియున్నచో ఈ వాక్యము వ్రాయవలసిన పని లేకపోయెడిది.

బిడ్డలను గూర్చి యింత చెప్పితిమి. తల్లిని మరచుట మన దేశపు అలవాటు. 2011లో జిల్లా స్త్రీలలో దాదాపు సగము చదువురాని వారని చెప్పియుంటిమి. ఉపాధిహామీ కూలి ఖాతాలో పడెనా లేదా యనునది ఇతరుల నడిగి తెలిసికొను స్త్రీ, పొదుపుసంఘపు పుస్తకముపై వ్రేలిముద్ర వేయు స్త్రీ, మందుసీసాపై చీటీని బిడ్డచేత చదివించుకొను స్త్రీ: ఈమె చదువు మాట యేమి? 2022 నుండి 2027 వరకు ఐదేండ్లలో ఐదుకోట్లమందిని అక్షరాస్యులను చేయుటకు కేంద్రము 'ఉల్లాస్' అను కార్యక్రమమునకు 1,037 కోట్ల 90 లక్షల రూపాయలు నిర్ణయించినది. పాఠకులు కాగితము కలము తీసి భాగించి చూడవచ్చును. తలకు 207 రూపాయలు. అదియు ఒక యేటికి గాదు, మొత్తమునకు! చెప్పువాడు స్వచ్ఛంద సేవకుడు, జీతము లేదు. ఇంత చవుకగా జాతిని చదివింపవచ్చునని మునుపెవ్వరును కనిపెట్టలేదు.

వయోజనవిద్య వట్టి వృథావ్యయమను పెద్దమనుష్యులు మన పట్టణములలో కలరు. వారు పొరుగు జిల్లా చరిత్రను తలచుకొనవలెను. కనిగిరి, పొదిలి ఒకప్పుడు అంగములై యుండిన నెల్లూరు జిల్లాలో 1990వ దశకారంభమున అక్షరాస్యతా ఉద్యమము నడచినది. రాత్రిబడిలో చదువుకొన్న పాఠములు దూబగుంట స్త్రీలకు ఆలోచన నిచ్చినవి. వారు తమ యూరి సారాదుకాణమును మూయించిరి. ఆ వార్త మరల పాఠమై యితర గ్రామములకు పోయినది. 1992లో అది జిల్లా దాటి ఆంధ్రదేశమంతట వ్యాపించినది. 1993 అక్టోబరున ప్రభుత్వము సారాను నిషేధించినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. ఒక వాచకపు పాఠము ఒక ప్రభుత్వపు అబ్కారీ యాదాయమును కదలించెను. ఆ తరువాత వయోజనవిద్యకు గ్రాంటు లెందుకు సన్నగిల్లినవో కారణము మేమూహింపగలము, పాఠకులును ఊహింపగలరు.

ధనము లేదందురా? ఈ మాట 1912లోనే విన్నాము. 1964-66లో కొఠారి సంఘము జాతీయాదాయమున నూటికి ఆరు వంతులు విద్యకు వ్యయింపవలె ననినది. 1968 విధానము దానిని తలదాల్చినది. 2020 విధానమును అదే యారు వంతుల మాట తిరిగి చెప్పినది. ఆ విధానపత్రమే 2017-18లో జరిగిన వ్యయమును 4.43గా ఒప్పుకొన్నది. ఆరు అను అంకె అరువదేండ్లుగా కాగితము దాటలేదు. ఉన్న ధనమైనను తెలిసి వ్యయించిరా? 2022 డిసెంబరులో మన రాష్ట్రమున ఎనిమిదవ తరగతి బిడ్డలకును ఉపాధ్యాయులకును సుమారు ఐదులక్షల టాబులు పంచి, వానిలో బైజూస్ కంపెనీవారి పాఠములు నింపిరి. 2024లో ఆ కంపెనీ దివాలా న్యాయస్థానమున కెక్కినది. అక్షరములు కూడబలుకుకొను బిడ్డ చేతికి గాజు పలక యిచ్చిన చదువు వచ్చునా? రాతి పలకకు ప్రక్కన గురువు కూర్చుండెను. గాజు పలకకు ఆ గురువే కరవు.

ఇంతవరకు ప్రభుత్వమును నిందించితిమి. ఈ పత్రికను పఠనమందిరమున బిగ్గరగా చదువువారును, చుట్టుచేరి వినువారును తలయూచి యుందురు. ఇక తమ వంతు. మార్కాపురమున, గిద్దలూరున, కంభమున ప్లీడర్లలో, వర్తకులలో, ఉద్యోగులలో, కడకు ప్రభుత్వ ఉపాధ్యాయులలో తమ బిడ్డను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు పంపువారెందరు? చేతివ్రేళ్ళు చాలును. పసుపుబస్సు వీధిలోనికి వచ్చిన నాడే పట్టణపు పెద్దలు ఊరిబడి నుండి సెలవు తీసికొనిరి. పిల్లవాని యభ్యుదయము కోరుట దోషము కాదు. కాని నోరున్న వారందరు వెళ్ళిపోగా బడి నోరులేని వారిదైనది. పంతులు రాలేదని కలెక్టరుకు అర్జీ వ్రాయగలవాని బిడ్డ అక్కడ లేడు. ఉన్న బిడ్డ తండ్రికి అర్జీ వ్రాయుట రాదు. బడి క్షీణించుటకు ఇంతకన్న సులభోపాయము శత్రువుకైనను తోచదు.

భాష విషయమునను పట్టణవాసుల తొందర పల్లెబిడ్డ మెడకు చుట్టుకొన్నది. 2019 నవంబరులో రాష్ట్రప్రభుత్వము బడులన్నిటను ఇంగ్లీషు మాధ్యమమును ఉత్తరువు చేసినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. పేదబిడ్డకు ఇంగ్లీషు వలదని మేమెన్నడును అనము. అది గర్వపు మాట. ఇంగ్లీషును చక్కగా, బాగుగా వచ్చిన ఉపాధ్యాయునిచేత చెప్పింపుడు. కాని తల్లి పలుకు మాటను చదువుట రాని బిడ్డ, తల్లి యెన్నడు వినని మాటను చదివి గ్రహించునా? మొదటి మూడేండ్లు తెలుగులో చదువుట నిలద్రొక్కుకొనవలెను. తరువాత ఏ భాషయైనను దానిపై నిలుచును.

మన పఠనమందిరముల సంగతియు ఒక్కమాట. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగా మనమందరము చెల్లించుచున్నాము. దానిని వసూలుచేయు మునిసిపాలిటీలును పంచాయతీలును గ్రంథాలయ సంస్థలకు సక్రమముగా జమచేయక బకాయిపెట్టుట లోకవిదితము. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును ప్రభుత్వపు కాసు లేకయే పెద్దలు స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. నేడు కాసు చెల్లించియు పుస్తకము లేదు.

కావున 2030కి మిగిలిన యీ కొలదికాలమున ఏది ముందు? మా యుద్దేశ్యమున క్రొత్త పథకములు వలదు, క్రొత్త పేర్లు అసలే వలదు. మూడవ తరగతి దాటులోపల ప్రతి బిడ్డకు చదువుట వచ్చుట యన్నిటికన్న ముందు. తక్కినవన్నియు దాని వెనుక. అందుకై మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెము ప్రాంతములలో ఏ ప్రాథమిక పాఠశాలకును ఇద్దరికి తక్కువ ఉపాధ్యాయులుండరాదు. చట్టము చెప్పినదే యిది, దయగా అడుగుటలేదు. కొండదిక్కు మండలములలో పనిచేయువారికి అదనపు భత్యమును, ఉండుటకు ఇంటిని ఇచ్చి, ఐదేండ్లు కదలకుండునట్లు నియమము చేయుడు. ఏటేట వేసవికి ముందు ప్రతి గ్రామమున మూడవ తరగతి బిడ్డలచేత గ్రామసభ యెదుట చదివింపుడు. ఎందరు చదివిరో పంచాయతీ గోడపై ఎర్రసిరాతో వ్రాయుడు. బిడ్డల పేర్లు వలదు, సంఖ్య చాలును. సిగ్గుపడవలసినవారు బిడ్డలు కారు. క్రొత్త జిల్లా తొలి నివేదిక ఆ గోడలనుండి పుట్టవలెను.

వలస హాస్టళ్ళ మాట మాత్రము నివేదికలదాక ఆగదు. మిరపకోతల ముఠామేస్త్రీలు బయానా లిచ్చుట సంక్రాంతికి చాలముందే జరుగును. ఏ పల్లెనుండి ఎన్ని సంసారములు కదలునో మేస్త్రీ పుస్తకమున అప్పటికే వ్రాసియుండును. మండల విద్యాధికారి ఆ పుస్తకము నడిగి చూడవచ్చును. డిసెంబరు మొదటివారమునకు బియ్యము, దుప్పట్లు, రాత్రివేళ తోడుండుటకు ఒక ఆయమ్మ సిద్ధముగా నున్నచో తల్లి బిడ్డను విడిచిపోవుటకు ధైర్యము చేయును. జనవరి రెండవ వారమున మంజూరు ఉత్తరువు తెచ్చి చూపినచో అప్పటికి ఆ బిడ్డ పల్నాటి చేలలో నుండును.